కళ్లు తెరిచిన ఫోటో

2007 జూలై 10, మంగళవారం, సాయంత్రం. పినపాక, మా ఇంటి వసారా.

హాజరైనవారు: నేను, నా భార్య, ఎదురింటి దర్జీ, ఉపాధి హామీ జాబ్ కార్డులకు ఫోటోలు తీసే ఫోటోగ్రాఫర్, గూడెం నుంచి చీపుర్లు అమ్మకానికి తెచ్చిన నా భార్య స్నేహితురాలు.

రానివారు: మస్కట్‌లో ఉన్న మా మరదలు.

ఆనాటి డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. తాలూకా ఆఫీసులోనూ, తర్వాత మండలాఫీసులోనూ గుమాస్తాగా మీటింగుల మినిట్స్ రాసి రాసి అరిగిన చేయి నాది. రిటైరైన తర్వాత కూడా ఇంట్లో నలుగురు కూడితే ముందు హాజరు వేయనిదే కలం కదిలేది కాదు. నా భార్య నవ్వేది. "ఇంట్ల పిల్లి గూడ ఉన్నది, దాన్ని రాసిండ్రా?" అనేది. రానివారిని రాయడం మాత్రం నాకు అంతకుముందు అలవాటు లేదు. ఆ సాయంత్రం మేమంతా వసారాలో కూడింది ఆ రాని మనిషి కోసమే గనక రాశాను.

మా మరదలు నా భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు. తల్లి పోయేనాటికి దానికి ఆరేళ్లు. పెళ్లై నా భార్య మా ఇంటికి వచ్చినప్పుడు ఒక చేతిలో ట్రంకు పెట్టె, మరో చేతిలో చెల్లెలి చేయి. అలా ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. భద్రాచలంలో నర్సు ట్రైనింగుకు చేరాక శనివారం శనివారం సాయంత్రం నాలుగు గంటల బస్సులో వచ్చేది. మా ఇల్లు బస్టాపుకు ఎదురుగానే. బస్సు హారన్ వినపడగానే నా భార్య చేతిలో పని అక్కడే వదిలేసి వసారాలోకి వచ్చి నిలబడేది. చెల్లెలు మస్కట్ వెళ్లిపోయి తొమ్మిదేళ్లయినా, నాలుగు గంటలకు ఆమె వసారాలోకి రావడం ఆగలేదు. బట్టలు తీసుకోవడానికనో, కోళ్లను తోలడానికనో వచ్చినట్టు వచ్చేది. నేను గమనించనట్టు ఉండేవాణ్ని.

తొమ్మిదేళ్లలో ఆ పిల్ల ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఒక ఏడు సెలవు దొరకలేదు. ఒక ఏడు దొరికితే తోటి నర్సు కాన్పు కోసం వదులుకుంది. ఆ తర్వాత ఎందుకు రాలేదో మేము అడగడం మానేశాం, తను చెప్పడం మానేసింది. అటువంటిది జూన్ నెలలో ఉత్తరం వచ్చింది. గర్భసంచిలో గడ్డ ఉందట, అక్టోబరులో ఆపరేషన్. "ఎన్ని ఆపరేషన్లలో నిలబడ్డానో లెక్కలేదు అక్కా. కానీ నాకు భయంగా ఉంది. మత్తు ఇచ్చేటప్పుడు నీ చేయి పట్టుకోవాలని ఉంది. టికెట్, వీసా నేను చూసుకుంటాను. నువ్వు పాస్‌పోర్టు ఒక్కటి చేయించుకో."

నా భార్య ఆ ఉత్తరాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఆమెకు చదువు వచ్చు. అంగన్‌వాడీ టీచరుగా గూడేల్లో ఎందరికో అక్షరాలు దిద్దించిన మనిషి. అయినా చదివించుకుంది.

ఖమ్మం నుంచి దరఖాస్తు ఫారం తెప్పించాం. నింపడం నాకు చేతనైన పని. ఫోటో సంగతి మాకు దిగులే లేదు. మా వైపు పాస్‌పోర్టు ఫోటో లేని ఇల్లు లేదు. రేషన్ కార్డుకు అదే, పింఛనుకు అదే, గ్యాసుకు అదే, పోడు పట్టా దరఖాస్తుకు అదే. విమానం ఆకాశంలో తప్ప చూడని మనుషులు కూడా "రెండు పాస్‌పోర్టులు కావాలె" అని స్టూడియోకు వెళ్లేవాళ్లు. మా ఇంట్లో బిస్కెట్ డబ్బాలో నా భార్యవి అరడజను ఉన్నాయి. నీలం తెర, తల మీద కొంగు. వాటినే అంటించి తీసుకువెళ్లాం.

ఖమ్మంలో పాస్‌పోర్టు కౌంటరులో కూర్చున్నాయన ఫోటో చూసి ఫారాన్ని మెల్లగా వెనక్కి జరిపాడు.

"ఇది పాస్‌పోర్టు సైజు ఫోటో అమ్మా. మాకు కావల్సింది పాస్‌పోర్టు ఫోటో."

నా భార్య నా వైపు చూసింది. ఆ రెండింటికీ తేడా ఏమిటో ముప్పై ఏళ్లు ఫారాలతో కాపురం చేసిన నాకే తెలియలేదు. ఆయన ఓపికగానే చెప్పాడు. అన్ని వైపులా మూడున్నర సెంటీమీటర్లు. వెనక తెలుపు. తల మీద కొంగు ఉండకూడదు. రెండు చెవులూ కనపడాలి. నవ్వకూడదు. కళ్లు తెరిచి సూటిగా చూడాలి. నేను జేబు డైరీలో వరసగా రాసుకున్నాను.

"గింతేనా" అంది నా భార్య, బయటికి వచ్చాక. "కండ్లు తెరుసుడే గద."

తిరిగి వచ్చేటప్పుడు మణుగూరులో స్టూడియోకు వెళ్లాం. తెల్ల తెర ఉంది. స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పైకి ఉందని, "తల కొంచెం వంచమ్మా" అన్నాడు స్టూడియో ఆయన. నొక్కాడు. చూస్తే కళ్లు మూసి ఉన్నాయి. మళ్లీ సర్దుకుని, "తల వంచు" అన్నాడు. మళ్లీ మూసింది. ఈసారి చేయి కూడా కొంగు అందుకోబోయింది. "నిద్రొస్తుందా అమ్మా?" అని అడిగాడు. ప్రయాణం అలసట అనుకున్నాం. తీసిన దానికి డబ్బులిచ్చి వచ్చేశాం.

ఆ శనివారం పనిగట్టుకుని భద్రాచలం వెళ్లాం. అక్కడ మూడుసార్లు తీశారు. మూడుసార్లూ అదే. "తల వంచండి" అనగానే రెప్పలు వాలిపోతున్నాయి. ఆ కుర్రాయనకు విసుగొచ్చింది. "గిట్ల మూసుకుంటే పాస్‌పోర్టోళ్లు తీసుకోరమ్మా. దండేసి గోడకు పెట్టుకునే ఫోటో అయితది."

నా భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఇగ చాలు" అంది, మెట్లు దిగుతూ. "నా మొహం పట్టుకొని ఊరూర తిరుగుకుంట పైసలు పోసుడేంది. దానికి రాసెయ్యండి, మీ అక్కకు పాస్‌పోర్టు మొహం లేదని." మాట హాస్యంగానే అంది. కానీ గోదావరి వంతెన మీద బస్సు పోతున్నప్పుడు కిటికీ వైపు తిరిగిన తల ఒడ్డు దాటేదాకా ఇటు తిప్పలేదు.

ఆ మంగళవారం నాటికి మా మండలంలో జాబ్ కార్డుల ఫోటోలు తీస్తున్నారు. గూడెం గూడెం తిరిగి, ఒక గుడ్డ కట్టి, జనాన్ని వరసలో నిలబెట్టి తీసుకుపోయే ఫోటోగ్రాఫరు మా వీధిలోనే గది కిరాయికి తీసుకుని ఉన్నాడు. చిన్న డిజిటల్ కెమెరా, ట్రంకు పెట్టెలో ఒక ప్రింటరు. కాగితం ఖర్చు ఇస్తే చాలు, తీస్తానన్నాడు. మా వసారా గోడకు నీలం కలిపిన సున్నం వేసి ఉంది. తెల్ల తెర కావాలి. ఎదురింటి దర్జీ లంగాలకు కత్తిరించే తెల్ల పాప్లిన్ తాను తెచ్చి, రెండు మేకులకు బిగించి కట్టాడు. గోడ మీద నీడ పడకుండా నేను స్టూలును రెండడుగులు ముందుకు జరిపించాను. నా భార్య కొంగు భుజానికి పిన్ను పెట్టుకుని, చెవుల మీద వెంట్రుకలు వెనక్కి దువ్వుకుని వచ్చి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే గూడెం నుంచి ఆమె స్నేహితురాలు చీపుర్ల మోపుతో వచ్చింది. నా భార్య అంగన్‌వాడీలో పని చేసిన రోజుల నుంచి వాళ్లిద్దరికీ స్నేహం. బజారుకు వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో అన్నం తిని పోయేది. మోపు దించి మెట్టు మీద కూర్చుంది.

"టీచరమ్మకు పెండ్లా సారూ?" అని అడిగింది నన్ను.

"విమానం ఎక్కుతది" అన్నాడు దర్జీ. "కండ్లు తెరిస్తేనే ఎక్కనిస్తరంట."

ఫోటోగ్రాఫరు కెమెరా కంటికి పెట్టుకున్నాడు. "అమ్మా, తల కొంచెం వంచు."

కళ్లు మూసుకున్నాయి. చేయి కొంగును వెతుక్కుంది. పిన్ను ఉండేసరికి అది అందలేదు.

"మళ్ల అదే" అన్నాడు దర్జీ. "వదినా, రెప్పలకు కూడ పిన్ను పెట్టమంటవా?"

మెట్టు మీద కూర్చున్న స్నేహితురాలు నోట్లోని పొగాకు పక్కకు ఉమ్మి, నెమ్మదిగా అంది: "తల వంచు అనకు బిడ్డా. ఆ మాట అంటే ఆమె ప్రార్థనల కూసుంటది."

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు.

"అవ్" అంది ఆమె. "నేను గీ ఇంట్ల ఎన్ని మార్లు తిన్న. కంచం ముందట పెట్టి సారు 'తలలు వంచుదాం' అంటడు. ఇద్దరు కండ్లు మూస్తరు. ఆమె కొంగు కప్పుతది. నాకు మీ మొక్కు తెల్వది. నేను చూసుకుంట కూసుంట, అన్నం చల్లారుతది గదా అని."

నా భార్య సిగ్గుపడిపోయింది. నేను సిగ్గుపడాల్సింది ఇంకా ఎక్కువ. చర్చిలో, ఇంట్లో, చావు ఇళ్లలో, తొట్టెల దగ్గర, ఆమె పక్కన కూర్చుని ఇన్నేళ్లు ప్రార్థించాను. ఆ సమయంలో నేనూ కళ్లు మూసుకునే ఉంటాను గనక, ఆమె ఎలా మూసుకుంటుందో ఎన్నడూ చూడలేదు. 'తల వంచు' అన్న రెండు మాటలు ఆమె రెప్పల్ని దించుతాయని, ప్రతి రోజూ ఆ మాట పలికే నాకు తట్టలేదు. చీపుర్లు అమ్మే మనిషి చెప్పాల్సి వచ్చింది.

"మరి ఏమనాలె?" అని అడిగాడు ఫోటోగ్రాఫరు.

"ఏమనకు. ఊకో."

ఊరుకుంటే కళ్లు తెరుచుకున్నాయి. కానీ మరీ తెరుచుకున్నాయి. భుజాలు చెవులదాకా లేచాయి, పెదవులు బిగిశాయి. ఆమె తనను తాను కాపలా కాసుకుంటున్నట్టుంది. తీసిన దాన్ని కెమెరా వెనక గాజులో చూపిస్తే స్నేహితురాలు, "గిది నువ్వు కాదు, నీ అత్త" అంది. మరోసారి తీశాడు. వెలుగు పడగానే రెప్ప వేసింది. ఇంకోసారి. నుదురు ముడుచుకుంది. "మొహానికి ఇస్త్రీ పెట్టాలె వదినా" అన్నాడు దర్జీ. అందరం నవ్వాం గానీ ఆమె నవ్వలేదు. నవ్వకూడదని చెప్పింది నేనే. చేతులు ఒళ్లో గట్టిగా పట్టుకుని, "ఇంకొక్కసారి తియ్యి నాయనా, ఒక్కసారి" అంటోంది. ఆ గొంతులో ఉన్నది ఫోటో కాదు. అక్టోబరు.

"బ్యాటరీ అయిపోవచ్చింది అమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫరు. "ఒకటో రెండో వస్తయి. పొద్దున గూడెం పోవాలె నేను."

ఆ మాట మధ్యలో నాలుగు గంటల బస్సు హారన్ వినిపించింది.

నేను ఫోటోగ్రాఫరు పక్కన నిలబడి ఉన్నాను. మా వెనక రోడ్డు, రోడ్డుకు అటు బస్టాపు. నా భార్య చూపు కెమెరా మీద ఉంది గానీ చెవి బస్సు మీదకు పోవడం నాకు కనిపించింది. బస్సు ఆగిన చప్పుడైంది. ఎందుకు అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ముందుగా అనుకున్నది కాదు.

"చెల్లె దిగింది" అన్నాను.

ఆమె చూసింది.

భుజాలు దిగాయి. నుదురు విచ్చుకుంది. పెదవులు విడీ విడనట్టున్నాయి. కళ్లు మా ఇద్దరి మధ్యలోంచి సూటిగా రోడ్డు మీదకు వెళ్లాయి. ఫోటోగ్రాఫరు నొక్కాడు. అది ఎంతసేపు? ఒక క్షణం. ఆ క్షణంలో ఆమెకు మస్కట్ దూరం గుర్తు లేదు, తొమ్మిదేళ్లు గుర్తు లేవు. బస్సులోంచి ఒకాయన ఎరువుల బస్తా దించుకుంటున్నాడు. ఆమె అతణ్ని చూసింది. బస్సు కదిలి వెళ్లేదాకా చూసింది. తర్వాత నన్ను చూసింది.

"గట్ల అనొద్దుండె మీరు" అంది.

అంతే. లేచి పాప్లిన్ గుడ్డ మేకుల నుంచి విప్పి, మడతలు సరిచేసి దర్జీ చేతికిచ్చి లోపలికి వెళ్లింది. స్నేహితురాలు నా వైపు చూడకుండా ఒక చీపురు గుమ్మం పక్కన ఆనించి, తన మోపు ఎత్తుకుంది.

"వచ్చింది సార్" అన్నాడు ఫోటోగ్రాఫరు గొంతు తగ్గించి. "మంచిగ వచ్చింది."

ఏడింటికి కరెంటు వచ్చాక ప్రింటు తీసి ఇచ్చాడు. ఒకే కాగితం మీద వరసగా ఎనిమిది మొహాలు. కత్తిరించడానికి దర్జీ దగ్గరికి తీసుకువెళ్లాను. మూడున్నర అని చెప్పగానే అతను టేపుతో మూడున్నర అంగుళాలు గీత పెట్టబోయాడు. "గింత పెద్దదా అన్నా? పాస్‌పోర్టా, పెండ్లి కార్డా?" అని ఆగాడు గనక బతికాం. టేపు తిప్పి సెంటీమీటర్ల వైపు చూపించాను. ఆ తర్వాత మాత్రం నూలుపోగు తేడా లేకుండా కత్తిరించాడు.

నా భార్య ఆ ఫోటోలను చూడలేదు. కవరు బల్ల మీద పెడితే దాని పక్క నుంచే నడిచి వెళ్లి కంచాలు పెట్టింది. అన్నం ముందు నేను ఎప్పటిలాగే "తలలు వంచుదాం" అన్నాను. ఆమె వంచింది. ఆ పూట మొదటిసారి నేను కళ్లు మూసుకోలేదు.

కొంగు కుడి చేత్తో లాక్కుంటుంది. లాక్కున్నాక ఆ చేయి వెంటనే దించదు, చెవి దగ్గర కాసేపు ఉంచుతుంది. రెప్పలు ఒక్కసారిగా కాక, వెలుగు తగ్గించినట్టు వాలతాయి. ప్రార్థనలో చెల్లెలి పేరు వచ్చినప్పుడు కింది పెదవి కొంచెం లోపలికి పోతుంది. ముప్పై ఏళ్లుగా నా పక్కన జరుగుతున్నవి ఇవన్నీ. డైరీలో ఒక్క ముక్క లేదు. వానలు, బదిలీలు, మీటింగులు ఉన్నాయి. ఆ రోజు పేజీలో కూడా చివర, "ఫోటో సరిగా వచ్చింది" అని మాత్రమే రాశాను.

ఇప్పుడు ఆమె లేదు. ఆ ఎనిమిదిలో మిగిలిన రెండు ఫోటోలు ఆ ఏడాది డైరీలోనే, జూలై పేజీల మధ్య ఉన్నాయి. అప్పుడప్పుడు తీస్తాను. ఆ కళ్లు నన్ను చూడవు. ఎంత అటూ ఇటూ జరిపినా నా భుజం మీదుగా రోడ్డు మీదకే పోతాయి. కెమెరా పక్కన నిలబడ్డది నేనే అయినా అందులో నాకు చోటు లేదు. నేను బదిలీ ఊళ్ల నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఆమె వసారాలో ఇలాగే నిలబడి చూసిందేమో. చూసే ఉంటుంది. బస్సు దిగేవాడు సంచి చూసుకుంటాడు గానీ ఎదురు చూసేవాళ్ల మొహం చూడడు. నేను చూడలేదు.

ఫోటో తీసిన మర్నాడు, బుధవారం, పొద్దున అయిదున్నర బస్సుకు ఖమ్మం బయల్దేరాం. సన్నగా చినుకులు. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కొత్తగూడెంలో టీ తాగుదామా అంటే తల అడ్డంగా ఊపింది. బస్సు మళ్లీ కదిలాక చేయి చాచింది.

"ఏదీ, ఇయ్యండి."

కవరు ఇచ్చాను. ఒక ఫోటో తీసి దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసుకుంది.

"గిట్ల చూసిన్నా నేను?"

"అవ్."

మళ్లీ కవరులో పెట్టింది. కానీ నాకు ఇవ్వలేదు. ఖమ్మం దాకా తన చేతిలోనే ఉంచుకుంది.

కౌంటరులో అదే మనిషి. స్కేలు పెట్టి కొలిచాడు. చెవులు చూశాడు. కళ్లు చూశాడు. ఆ కళ్ల దగ్గర కాసేపు ఆగాడని నాకనిపించింది. నా ఊహే కావచ్చు. "ఇది పాస్‌పోర్టు ఫోటో" అన్నాడు. జిగురు రాసి అంటించి, ముద్ర వేసి, రశీదు చింపి ఇచ్చాడు. నా భార్య ఆ రశీదును రెండు చేతులతో తీసుకుంది. అక్టోబరులో ఆమె వెళ్లింది, చెల్లెలి చేయి పట్టుకుంది, ఆపరేషన్ అయ్యాక ఇద్దరూ బాగానే ఉన్నారు. ఆ సంగతులన్నీ ఆమె నోటి నుంచి విన్నవే. నేను ఉన్నది వసారాలో. నాలుగు గంటల బస్సుకు నేను బయటికి రావడం అప్పుడే మొదలైంది.

ఆ ఉదయం రశీదు తీసుకుని బయటికి వచ్చాక, బస్టాండుకు కాదు, పోస్టాఫీసుకు పోదామంది. కవరు కొనిపించింది. పోస్టాఫీసు బల్ల దగ్గర తనే రాయవచ్చు. కానీ ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టి, పెన్ను నా చేతికిచ్చింది.

"నేను చెప్తా. చెప్పింది చెప్పినట్టు రాయండి. మీటింగుల రాసినట్టు."

"చెప్పు."

"చెల్లే, నువ్వు బస్సు దిగినవని మీ బావ నిన్న అబద్ధం చెప్పిండు." ఆగింది. "రాసిండ్రా?"

"రాశాను."

"నేను నమ్మిన. నువ్వు వచ్చినవనుకున్నప్పటి మొహం ఇది. దాచుకో. నేను వచ్చేదాక."

ఒక్క మాట మార్చకుండా రాశాను. ఒకసారి చదవమంటే చదివి వినిపించాను. 'మీ బావ నిన్న అబద్ధం చెప్పిండు' అన్న చోట ఆమె ఆ రోజు మొదటిసారి నవ్వింది. ఫోటోను ఉత్తరం మడతలో పెట్టి, కవరు అంచు తనే అంటించి, ఆరేదాకా అరచేత్తో నొక్కి పట్టుకుని నిలబడింది.